ఆరు పెట్టలు, రోజుకు ఒకే గుడ్డు

పెరటమ్మాయి:

అందరికీ నమస్కారం. కోళ్ల పెంపకంలో నాకు ఏడాది పైచిలుకు అనుభవం, అంటే ఇంకా ఓనమాల దగ్గరే ఉన్నాను. పెరట్లో ఆరు పెట్టలున్నాయి, పుంజు లేదు. రంగుల్ని బట్టే పిలుస్తాను: కాకి, సేతు, డేగ, మైల, పర్ల. ఆరోది బోడమెడది. అయిదు నెలల వయసులో తెచ్చాను, ఇప్పుడు ఏడాదిన్నర. మొన్నమొన్నటిదాకా రోజుకు నాలుగు గుడ్లు, ఒక్కోరోజు అయిదు. మూడు వారాలుగా ఒక్కటంటే ఒక్కటి. నిన్న అదీ లేదు.

జబ్బు చేసినట్టు ఏమీ కనబడట్లేదు. తింటున్నాయి, తిరుగుతున్నాయి, పొద్దుగూకేసరికి వాటంతటవే గూట్లోకి చేరుతున్నాయి. గూడు చెక్కతో చేసింది, నేలకు రెండడుగుల ఎత్తున ఉంటుంది. గుడ్లు పెట్టడానికి లోపల రెండు పెట్టెలున్నాయి. తెల్లారగానే తలుపు తీసి వదిలేస్తాను. మొదట్లో గుడ్లు పెట్టే కోళ్లకోసం అమ్మే లేయర్ మేతే పెట్టేదాన్ని. బయట పురుగూ పుట్రా ఏరుకుంటున్నాయి కదా అని ఈమధ్య అది తగ్గించి నూకలు పెంచాను. కాకిని చూస్తే జాలేస్తోంది. రోజంతా పెట్టెలో కూర్చుని గుడ్డు పెట్టడానికి నానా తంటాలు పడుతోంది, కింద చెయ్యి పెట్టి చూస్తే ఏమీ ఉండదు.

నీళ్లలో కలిపే యాంటీబయాటిక్ పొడి మూడు రోజులు ఇస్తే మళ్లీ మొదలుపెడతాయని తెలిసినవాళ్లు చెప్పారు. ఇవ్వొచ్చా? ఎంత కలపాలి?

రెండుపుంజులు:

ఏడాదిన్నర అంటే మొదటి విడత అయిపోయినట్టే. ఇక ఏటేటా తగ్గడమే తప్ప పెరగడం ఉండదు. వాటిని తీసేసి కొత్త పెట్టల్ని తెచ్చుకోండి. ఈసారి ఒక పుంజును కూడా తెండి, పుంజు లేని గూట్లో పెట్టలు సరిగ్గా పెట్టవు.

మిద్దెమీదిగూడు:

అన్నా, అది నా కోడి కూయకపోతే తెల్లారదు అన్నట్టుంది. పిల్లలు కావాలంటే పుంజు ఉండాలి, గుడ్లకు అక్కర్లేదు. నా దగ్గర నాలుగేళ్లుగా పుంజు లేదు, గుడ్లకు లోటూ లేదు.

పెరటమ్మాయి గారూ, మీ దగ్గర పగటిపొద్దు తగ్గే రోజులా ఇవి? పెట్టకు రోజుకు 14 నుంచి 16 గంటల వెలుతురు ఉంటేనే గుడ్లు బాగా వస్తాయి. నేను గూట్లో చిన్న బల్బు పెట్టి తెల్లవారుజామున 4 గంటలకు వెలిగేలా టైమర్ తగిలించాను. రెండు మూడు వారాల్లో తేడా తెలిసింది. సాయంత్రం పూట మాత్రం పొడిగించకండి. బల్బు టక్కున ఆరిపోతే వాటికి కళ్లు కనబడవు, రాత్రి కూర్చునే కర్ర ఎక్కలేక ఎక్కడివక్కడే కూలబడతాయి. మొదటివారం నాకు అదే జరిగింది, ఒక్కొక్కదాన్నీ చంకనేసుకుని కర్రమీద కూర్చోబెట్టాను.

పాతగంప:

అమ్మాయ్, ముందు ఆ పొడి పక్కన పెట్టు. జబ్బేదో తెలియకుండా మందేంటి? యాంటీబయాటిక్ వేస్తే ఆ మందు గుడ్లలోకీ దిగుతుంది, డాక్టరు చెప్పినన్ని రోజులు ఆ గుడ్లు తినకూడదు. ఉన్న ఒక్క గుడ్డూ పారబోసుకుంటావు.

నేను ఇరవై రెండేళ్లుగా కోళ్లు పెంచుతున్నాను. గుడ్లు తగ్గాయని ఎవరైనా అంటే నేను ముందు అడిగేది ఒకటే: పెట్టడం మానేశాయా, నీకు దొరకడం మానేశాయా? రెండూ వేరువేరు. వయసు వల్ల తగ్గే మాట నిజమే గానీ అది మెట్లు దిగినట్టు దిగుతుంది. అయిదు నుంచి ఒకటికి మూడు వారాల్లో రాదు. వెలుతురు సంగతీ అంతే, మెల్లగా తగ్గుతుంది. నీ దగ్గర ఒకేసారి నాలుగైదు జరుగుతున్నాయని నా అనుమానం.

కాకి గుడ్డు కోసం తంటాలు పడటం లేదు తల్లీ, అది పొదుగు పట్టింది, అంటే గుడ్లు పొదగాలని కూర్చుంది. గుడ్డు అడ్డం పడ్డ కోడైతే మూడు వారాలు కథ నడపదు. తోక దించి, ఒళ్లు నిలువుగా పెట్టి ముక్కుతుంది, ఒకటి రెండు రోజుల్లో ప్రాణం మీదికి తెచ్చుకుంటుంది. పొదుగు కోడి వేరు. చెయ్యి దగ్గరకు పెడితే ఒళ్లంతా ఉబ్బించి కుర్రుమంటుంది, పొడుస్తుంది. పొట్ట కింద ఈకలు పీకేసుకుంటుంది, చెయ్యి పెడితే పొయ్యిలా వేడి. రోజుకు ఒకసారి లేచి, నాలుగు గింజలు మింగి, ఇంత పెద్ద కంపు రెట్ట వేసి మళ్లీ పరుగెత్తుకొచ్చి కూర్చుంటుంది. ఇవన్నీ ఉన్నాయా లేదా చూసి చెప్పు. దాని కింద గుడ్లు లేకపోయినా, నెలల తరబడి కూర్చున్నా దానికి పట్టదు.

ఇక మిగతా అయిదు. రాత్రి అవి కర్ర ఎక్కాక వెళ్లు. కోళ్లకు రేచీకటి కదా, చీకట్లో గింజుకోవు. ఒక్కొక్కదాన్నీ ఒళ్లోకి తీసుకుని తోక కింద, గుడ్డు వచ్చే దారికి అటూ ఇటూ సన్నటి ఎముకలు రెండు తగులుతాయి, చూడు. వాటి మధ్య రెండు మూడు వేళ్లు పడితే అది పెట్టే కోడి. ఒక్క వేలే పడితే పెట్టడం లేదు. ఆ దారి కూడా, పెట్టే కోడికి వెడల్పుగా, తడిగా ఉంటుంది. మానేసినదానికి ముడుచుకుని పొడిగా ఉంటుంది. తలమీద జుట్టు ఎర్రగా నిండుగా ఉందా, వాడి పాలిపోయిందా అదీ చూడు. ఆరు కోళ్లకు పావుగంట పని. కాగితం మీద రాసుకో, లేకపోతే నాలుగో కోడి దగ్గరికొచ్చేసరికి మొదటిది మర్చిపోతావు. నేను ఇప్పటికీ రాసుకుంటాను.

వేళ్లు పడ్డాయి, గుడ్డు మాత్రం పెట్టెలో లేదు అంటే అది బయటెక్కడో పెడుతోంది. తెల్లారగానే వదులుతున్నానన్నావే, అదే దొంగచాటుకు దారి. నాలుగు రోజులు మధ్యాహ్నం 3 దాకా లోపలే ఉంచు, నీళ్లూ మేతా అక్కడే పెట్టు. పొద్దున్న 10 దాకా ఉంచితే చాలని కొందరంటారు, చాలదు. కోడి లోపల ఒక గుడ్డు తయారవడానికి ఇంచుమించు 25 గంటలు పడుతుంది, అందులో 20 గంటలు పెంకుకే. ఇవాళ 7 గంటలకు పెట్టింది రేపు 8కి, ఎల్లుండి 9 దాటాక. అలా జరిగి జరిగి మధ్యాహ్నం అయ్యాక ఒకరోజు సెలవు పుచ్చుకుని మళ్లీ పొద్దున్నే మొదలుపెడుతుంది. ఎంత మంచి కోడైనా నెలకు ముప్ఫై పెట్టకపోవడానికి కారణం అదే.

ఒకసారి ఎర్రపెట్ట ఒకటి నా దగ్గర రెండు నెలలు గుడ్డు పెట్టలేదు. నానా మాటలూ అన్నాను దాన్ని. తీరా చూస్తే గోడవారన పడేసిన పాత టైరులో పధ్నాలుగు గుడ్లు, నీటుగా పేర్చినట్టు. అప్పటి నుంచి తిట్టేముందు వెతుకుతాను.

పెట్టెలో పెంకుముక్కలు, తడి ఊక కనబడితే ఇంకో సంగతి: గుడ్డు తాగే కోడి. అది ఒకటి మొదలుపెడితే మిగతావి చూసి నేర్చుకుంటాయి. దీనికో వైద్యం ఉందని ఎవరో చెబితే, గుడ్డుకు కన్నం పెట్టి లోపల కారం నింపి ఉంచాను. అది లొట్టలేసుకుని తిని ఇంకా ఉందా అన్నట్టు నావైపు చూసింది! పక్షులకు మిరపకారం మంట తెలియదట, నాకు తర్వాత తెలిసింది. చివరికి పనిచేసినవి రెండే. పెట్టె ముందు గుడ్డ వేలాడదీసి లోపల చీకటి చేశాను, గుడ్డు పడగానే తీసేశాను. ప్లాస్టిక్ గుడ్లు రెండు పెట్టెలో పడేశాను, పొడిచి పొడిచి విసిగిపోయింది.

మేత దగ్గర నువ్వు తప్పు చేశావు, ఏమీ అనుకోకు. నూకలు కడుపు నింపుతాయి, గుడ్డు తయారు చెయ్యవు. లేయర్ మేతలో మాంసకృత్తులు 16, 17 శాతం ఉంటాయి, నూకల్లో అందులో సగమే. పొద్దున్న ఆకలి మీద మేతే పెట్టు, సాయంత్రం గూట్లోకి పిలవడానికి గుప్పెడు గింజలు చల్లు. బాగా పెట్టే పెద్ద జాతి కోడి రోజుకు 110, 120 గ్రాములు తింటుంది, నాటుకోడికి అంత అక్కర్లేదు. సున్నం సంగతి ఇంకా ముఖ్యం. ఒక్కో పెంకులో 2 గ్రాముల దాకా కాల్షియం పోతుంది. ఆల్చిప్పల నలుసో, కడిగి ఎండబెట్టి నలిపిన గుడ్డు పెంకులో వేరే గిన్నెలో పెట్టు. మేతలో కలపకు. కావలసిన కోడి కావలసినంత తింటుంది, గుడ్డు పెట్టనిది ముట్టుకోదు. పెంకులు పొడి పొడిగా నలపాలి, గుడ్డు ఆకారం కనబడితే లేనిపోని రుచి మరుగుతాయి.

చివరగా ఒకటి. టార్చి, తెల్లగుడ్డ పట్టుకుని రాత్రి వెళ్లినప్పుడు, కర్ర అడుగున, గోడలో దిగిన చివర్లలో తుడిచి చూడు. గుడ్డమీద ఎర్రటి మరకలు పడితే ఎర్రపేలు ఉన్నట్టు. పగలంతా సందుల్లో దాక్కుని రాత్రి ఎక్కి రక్తం తాగుతాయి, పగలు కోడిని ఎంత తిప్పి చూసినా దొరకవు. చెక్క గూళ్లకు ఈ పీడ ఎక్కువ. పేలున్న పెట్టెలో కూర్చోవడానికి కోడి జంకుతుంది, పొదుగు పట్టింది తప్ప. దానికి ఒళ్లు తెలియదు.

రెండుపుంజులు:

పుంజు విషయంలో ఒప్పుకుంటాను. కానీ ఆరు కోళ్లకు ఇంత పరీక్షా? కోడిగుడ్డు మీద ఈకలు పీకినట్టుంది పిన్నిగారూ.

పాతగంప:

నీకు రెండు పుంజులు బాబూ, గుడ్లు పెట్టవు కాబట్టి సుఖంగా ఉన్నావు.

పెరటమ్మాయి:

ఎనిమిది రోజులైంది. పిన్నిగారూ, కాగితం మీద రాసుకున్నాను, ఉన్నదున్నట్టు పెడుతున్నా.

కాకి: మీరన్నట్టే పొదుగు. చెయ్యి పెడితే పాములా బుసకొట్టింది. పొట్ట కింద బోడి. నేనేమో దానికి నొప్పులనుకుని పొట్ట నిమురుతూ కూర్చున్నాను ఇన్నాళ్లూ!

సేతు: ఒక్క వేలే పట్టింది. మెడ దగ్గర, రెక్కల కింద కొత్త ఈకలు ముళ్లలా పొడుచుకొస్తున్నాయి. పెరట్లో తెల్ల ఈకలు రోజూ ఊడుస్తున్నాను, గాలికి ఎగిరొచ్చాయనుకున్నా గానీ దీనివేనని తట్టలేదు.

పర్ల: మూడు వేళ్లు. ఆ ఒక్క గుడ్డూ దీనిదే.

మైల: దీనికీ మూడు వేళ్లు పట్టాయి. లోపల బంధించిన మొదటిరోజు తలుపు దగ్గర నిలబడి ఒకటే గోల. 11 గంటలకు జాలిపడి వదిలేశాను (తిట్టకండి), వెనకే వెళ్లాను. పెరటి చివర పాడైపోయిన వాషింగ్ మెషిన్ ఉంది, మూత ఊడిపోయింది. అందులోకి దూకింది. లోపల పదమూడు గుడ్లు! అరగంట తర్వాత పద్నాలుగు.

బోడమెడది: దీని సంగతి విచిత్రం. వేళ్లు పడుతున్నాయి, గుడ్డు లేదు. అయిదోరోజు నిద్ర పట్టక 5 గంటలకే గూటికి వెళ్తే, అది కూర్చున్న చోటికి సరిగ్గా కింద రెట్టలో ఒక తోలుగుడ్డు పడి ఉంది, పెంకు లేదు, పొర ఒక్కటే. మర్నాడు కావాలని 6 దాకా ఆగాను. ఏమీ లేదు, పర్ల ముక్కుకు మాత్రం పచ్చసొన. అంటే పెంకు లేని గుడ్డు రాత్రి జారిపోవడం, తెల్లారేసరికి మిగతావి తాగెయ్యడం. ఆల్చిప్పల గిన్నె పెట్టిన మొదటిరోజే బోడమెడది దానిమీద పడి తింది.

తెల్లగుడ్డ సంగతి రాయాలంటేనే ఒళ్లు జలదరిస్తోంది. కర్ర చివర్లు శుభ్రంగానే ఉన్నాయి. కాకి కూర్చున్న పెట్టె, దాని పక్క పెట్టె, రెండిటి మూలల్లోనూ ఎర్రటి చారలు. నా చేతిమీదికి కూడా పాకాయి. మైల వాషింగ్ మెషిన్‌కు ఎందుకు మకాం మార్చిందో అప్పుడు అర్థమైంది. ఒక పెట్టెలో కాకి కదలదు, రెండోదాంట్లో పేలు.

మిగిలింది డేగ. ఒక్క వేలు, జుట్టు పాలిపోయి ఉంది, ఈకలు రాలట్లేదు. ఎత్తితే మిగతావాటి కంటే తేలిక, రొమ్ముటెముక కత్తిలా తగులుతోంది. దీనికేమై ఉంటుంది?

ఇంకో రెండు ప్రశ్నలు. ఆ పద్నాలుగు గుడ్లు తినొచ్చా? కాకిని ఎలా లేపాలి?

మిద్దెమీదిగూడు:

గుడ్లను నీళ్లలో వేసి చూడండి. అడుగున పడుకుంటే తాజావి, నిలబడితే పాతవి, తేలితే పారేయండి. గుడ్డు పాతబడేకొద్దీ లోపలి నీరు పెంకులోంచి ఆవిరై గాలి గది పెద్దదవుతుంది, అందుకే తేలుతుంది. ఒక్కొక్కటీ వేరే గిన్నెలో కొట్టి వాసన చూసి వాడుకోవచ్చు, నేను అలాగే చేస్తాను.

పేలకు: పెట్టెలు బయటకు లాగి, ఊక కాల్చేసి, సందుల్లో మరిగే నీళ్లు పొయ్యండి. ఒక్కసారితో అయిపోదు. వేడి రోజుల్లో గుడ్డు నుంచి పెద్ద పేను కావడానికి వారం పది రోజులే. కాబట్టి వారానికోసారి, నాలుగు వారాలు వదలకుండా చెయ్యాలి. కోళ్లు లేకుండా గూడు ఖాళీగా ఉంచితే చస్తాయనుకోకండి, రక్తం లేకపోయినా నెలల తరబడి బతుకుతాయి. నేను ప్లాస్టిక్ పెట్టెలకు మారాక పీడ వదిలింది, సందులే లేవు వాటికి.

పాతగంప:

శభాష్. ఎనిమిది రోజుల్లో ఇంత చూశావంటే నాకంటే నయం, ఆ టైరు దొరకడానికి నాకు రెండు నెలలు పట్టింది.

గుడ్ల దగ్గర మిద్దెమీది అబ్బాయితో నాకు పేచీ ఉంది. నీటి పరీక్ష గుడ్డు వయసు చెబుతుందే తప్ప మంచి చెడ్డ చెప్పదు. ఎండలో ఇనప డొక్కులో మూడు వారాలు ఉడికిన గుడ్లు అవి. నేనైతే పైన ఉన్న ఆ పద్నాలుగోది ఉంచుకుని మిగతావి పాతిపెడతాను. గుడ్డుకు కక్కుర్తిపడి ఇల్లంతా మంచం ఎక్కడం ఎందుకు?

డేగను మాత్రం నా మాట విని పశువుల డాక్టరుకు చూపించు, వెళ్లేటప్పుడు దాని రెట్ట తాజాది కొంచెం పట్టుకెళ్లు. కడుపులో పురుగులు కావచ్చు, పేలు రక్తం తాగి నీరసించి ఉండొచ్చు, ఇంకేదైనా కావచ్చు. ఎముక తగిలేంత చిక్కిన కోడికి ఇక్కడ కూర్చుని వైద్యం చెప్పను. అప్పటిదాకా వేరే ఉంచు. నీళ్ల గిన్నె కూడా వేరే, దాని పని అందరికంటే చివర చూసుకుని చేతులు సబ్బుతో కడుక్కో.

సేతును కదిలించకు. పాత ఈకలు రాల్చి కొత్తవి తొడుక్కోవడానికి రెండు మూడు నెలలు పడుతుంది, అన్నాళ్లూ గుడ్లు ఆశించకు. ఈకంతా దాదాపు మాంసకృత్తే, మేత బాగా పెట్టు. చెదపురుగులు దొరికితే వెయ్యి, పండగ చేసుకుంటుంది. ఆ ముళ్లలాంటి కొత్త ఈకల్లో రక్తం ఉంటుంది, ఎత్తితే దానికి నొప్పి.

కాకికి రెండు దారులు. పిల్లలు కావాలనుకుంటే పుంజున్న ఇంటి నుంచి గుడ్లు తెచ్చి పెట్టు, 21 రోజులకు పిల్లలు. మీ ఇంటి గుడ్లు పెడితే 21 రోజులకు కంపే. ముందు పేలు వదిలించాకే సుమా, ఆ పెట్టెలో పుట్టిన పిల్ల రక్తం లేక చస్తుంది. పిల్లలు వద్దనుకుంటే అడుగున జల్లిగా ఉన్న పంజరం ఒకటి ఇటుకలమీద ఎత్తిపెట్టి అందులో వెయ్యి. ఊక వెయ్యకు. మేత, నీళ్లు, నీడ ఉండాలి. కింద నుంచి గాలి తగిలి పొట్ట చల్లబడితే పొదుగు దిగుతుంది. మూడు రోజులు సాధారణంగా చాలు, మొండిదైతే అయిదారు. నీళ్లలో ముంచమని చెప్పేవాళ్లుంటారు, వినకు.

పెరటమ్మాయి:

డేగకు నులిపురుగులట, రెట్ట చూసి చెప్పారు. మందు వేశారు, గుడ్లు ఎన్ని రోజులు తినకూడదో కూడా రాసిచ్చారు. అది పెడితే కదా! బరువు పెరుగుతుందేమో చూడాలి. పెట్టెలకు రెండోసారి మరిగే నీళ్లు పోశాను, ఈసారి గుడ్డమీద రెండే చుక్కలు. నిన్న మూడు గుడ్లు, బోడమెడదానికి పెంకు వచ్చింది, కాస్త గరుగ్గా ఉంది గానీ పెంకే.

పదమూడు గుడ్లూ పాతిపెట్టాను పిన్నిగారూ. నీళ్లలో వేసి చూశాను కూడా, నాలుగు తేలాయి.

కాకిని మూడు రోజులు పంజరంలో ఉంచి ఇవాళ పొద్దున్న వదిలాను. దుమ్ములో పొర్లింది, కడుపునిండా తింది, మిగతావాటితో కలిసి తిరిగింది. హమ్మయ్య అనుకుని లోపలికి వచ్చాను. మధ్యాహ్నం లెక్కపెడితే ఒకటి తక్కువ. వాషింగ్ మెషిన్‌లో ఉంది. ఖాళీ డొక్కులో, ఒళ్లంతా ఉబ్బించుకుని, నావైపు చూసి కుర్రుమంటోంది. పంజరం మళ్లీ కడుగుతున్నాను.